పాత పోర్టబుల్ టైప్‌రైటర్: ముందు సరిచేయండి, తర్వాత పోల్చండి

పాత పోర్టబుల్ టైప్‌రైటర్ కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే. ఒలివెట్టీ తీసుకోవాలా, ఒలింపియా తీసుకోవాలా? హెర్మీస్ గురించి అంత గొప్పగా చెబుతారు, నిజమేనా? నేనేమో ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఎదురుగా ఉన్న మెషీన్ ఇప్పుడు ఎలా ఉంది?

ఈ మెషీన్లలో చాలావాటికి అరవై ఏళ్లు దాటాయి. ఒకే మోడల్‌వి రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని మీద పేజీ హాయిగా నిండుతుంది, రెండోది ప్రతి నాలుగో అక్షరం దగ్గర మొరాయిస్తుంది. దుమ్ము, ఎండిపోయిన గ్రీజు, గట్టిపడిన రబ్బరు, సడలిన స్ప్రింగు కలిసి తెచ్చే తేడా అది. అలాంటి మెషీన్ మీద రెండు లైన్లు కొట్టి "ఈ కంపెనీ టచ్ బాగోలేదు" అనడం ఆ మెషీన్‌కి అన్యాయం. శుభ్రం చేసి, సరిచేసి, కొత్త రిబ్బన్ వేసి, అప్పుడు పోల్చాలి. అప్పుడు కూడా మోడళ్ల మధ్య తేడాలు మిగులుతాయి. నిజంగా చూసుకోవాల్సినవి అవే.

మొదటే ఒక మాట. తెలుగులో టైప్ చేయడానికి మెషీన్ వెతుకుతున్నవాళ్లకు ఈ పోలిక ఉపయోగపడదు. తెలుగు కీబోర్డు ఉన్నవి చాలావరకు ఆఫీసుల్లో వాడిన పెద్ద స్టాండర్డ్ మెషీన్లే. నేను ఇక్కడ చెప్పేవన్నీ ఇంగ్లిషు అక్షరాల పోర్టబుల్స్. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెమింగ్టన్ మీదో గోద్రెజ్ మీదో హాల్డా మీదో లోయర్, హయ్యర్ పాసైనవాళ్లకు పోర్టబుల్ మొదట్లో ఇరుగ్గా, తేలిగ్గా అనిపిస్తుంది. లోపల లీవర్లు పొట్టివి, బరువు తక్కువ, గట్టిగా కొడితే బల్ల మీద జరుగుతుంది. చేతికి అలవాటు కావడానికి కొంత టైమ్ ఇవ్వండి. స్టాండర్డ్ మీద పడ్డ బలమే పోర్టబుల్ మీద పెడితే అక్షరాలు దూకడం మొదలవుతుంది, తప్పు మెషీన్‌దే అనిపిస్తుంది.

షిఫ్ట్ ఎలా పనిచేస్తుంది

బ్రాండ్ కంటే ముందు చూడాల్సింది షిఫ్ట్. పెద్ద అక్షరం పడాలంటే రెండు దారులున్నాయి. కొన్ని మెషీన్లలో షిఫ్ట్ నొక్కితే కాగితం ఉన్న క్యారేజ్ మొత్తం పైకి లేస్తుంది. మరికొన్నింటిలో క్యారేజ్ కదలదు, అక్షరాల కడ్డీలున్న బుట్ట కిందికి దిగుతుంది. మొదటిది క్యారేజ్ షిఫ్ట్, రెండోది బాస్కెట్ షిఫ్ట్. క్యారేజ్ షిఫ్ట్‌లో ఆ బరువంతా మోసేది చిటికెన వేలు. ఉత్తరం రాసినంతసేపు తెలియదు కానీ, రోజూ గంటలకొద్దీ రాసేవాళ్లకు సాయంత్రానికి తెలుస్తుంది. వేళ్ల నొప్పులున్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు బాస్కెట్ షిఫ్ట్ వైపే వెళ్లాలని నా గట్టి సలహా.

ఒలింపియాలో ఇది మోడల్‌ని బట్టి మారుతుంది. 1950ల నాటి ఎస్‌ఎం3లో క్యారేజ్ లేస్తుంది, 1960ల ఎస్‌ఎం9లో బుట్ట దిగుతుంది. పేరు ఒకటే కదా అని ఫొటో చూసి డబ్బు పంపేస్తే, వచ్చిన మెషీన్ చేతికి పూర్తిగా వేరేలా తగులుతుంది. హెర్మీస్‌లోనూ ఇంతే. చిన్నదైన బేబీలో క్యారేజ్ లేస్తుంది, 3000లో బుట్ట దిగుతుంది. ఒలివెట్టీ లెటెరా 22, లెటెరా 32, స్మిత్-కరోనా సైలెంట్-సూపర్, రాయల్ క్వయట్ డీలక్స్ అన్నీ బాస్కెట్ షిఫ్టే.

ఒక్కో మెషీన్ గురించి

ఒలివెట్టీ లెటెరా 22 ఇటలీలోని ఇవ్రేయా ఫ్యాక్టరీ నుంచి 1950లో వచ్చింది. రూపం మార్చెల్లో నిజ్జోలీది. 1954లో ఇటలీ డిజైన్ అవార్డు కొంపాసో దోరో దీనికి వచ్చింది. 1963లో వచ్చిన లెటెరా 32 దాని వారసురాలు. పలచగా ఉంటుంది, జిప్ బ్యాగులో వేసుకుని భుజానికి తగిలించుకోవచ్చు. అమెరికన్ నవలా రచయిత కార్మాక్ మెకార్తీ 1960ల మొదట్లో తాకట్టు దుకాణంలో ఓ లెటెరా 32ని 50 డాలర్లకు కొని దశాబ్దాల పాటు రాశారు. పెట్రోల్ బంకులో గాలి పైపుతో దుమ్ము ఊదించడం తప్ప దానికి సర్వీసు ఏమీ చేయించలేదని ఆయనే చెప్పారు. 2009లో వేలంలో అది 2,54,500 డాలర్లు పలికింది. ఆ ధరకీ మెషీన్ పనితనానికీ సంబంధం లేదు కానీ, అంత తక్కువ సేవతో అన్నేళ్లు నడిచిందన్న సంగతి కొనేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

లెటెరాతో ఇబ్బంది కూడా ఈ పలచదనం నుంచే వస్తుంది. లోపల జాగా తక్కువ కాబట్టి స్క్రూడ్రైవర్ పెట్టడం కష్టం. గట్టిగా కొట్టే చెయ్యి దీనికి సరిపడదు. కొట్టిన వేగానికి శరీరమంతా అదురుతుంది, అక్షరాల మధ్య ఖాళీ సమంగా రాదు. మెత్తగా, లయగా కొట్టేవాళ్లకు మాత్రం ఇంత చిన్న మెషీన్ ఇంత శుభ్రమైన పేజీ ఇవ్వడం ఆశ్చర్యంగా ఉంటుంది. 1969లో ఎత్తోరె సొత్సాస్, పెర్రీ కింగ్‌లు రూపమిచ్చిన ఎర్ర రంగు వాలెంటైన్ లోపల ఉన్నదీ లెటెరా 32 యంత్రమే. కేవలం రాయడానికైతే వాలెంటైన్‌కి ఎక్కువ డబ్బు పెట్టవద్దు. షోకేసులో కూడా పెట్టుకోవాలనుకుంటే మీ ఇష్టం.

ఒలింపియాది వేరే తత్వం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ కంపెనీ ఫ్యాక్టరీ జర్మనీలోని ఎర్ఫుర్ట్‌లో ఉండేది. యుద్ధం తర్వాత ఎర్ఫుర్ట్ సోవియట్ అధీనంలోకి వెళ్లింది. పశ్చిమ జర్మనీలోని విల్హెల్మ్స్‌హాఫెన్‌లో ఒలింపియా కొత్తగా మొదలైంది, పాత ఫ్యాక్టరీ మెషీన్లకు ఆప్టిమా అనే పేరు వచ్చింది. కాబట్టి ఎక్కడైనా ఆప్టిమా కనిపిస్తే అనామక సరుకని పక్కన పెట్టకండి, మూలం ఒక్కటే. ఒలింపియా ఎస్‌ఎం వరుస బరువుగా, దిట్టంగా ఉంటుంది. ఎస్‌ఎం9 మీద అక్షరం పడే తీరు చూస్తే పోర్టబుల్ అనిపించదు, ఆఫీసు మెషీన్‌కి దగ్గరగా ఉంటుంది. బల్ల మీద కుదురుగా కూర్చుంటుంది. ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న చేతికి త్వరగా కుదిరేది ఇదే. బస్సులో, రైల్లో తీసుకెళ్లాలంటే మాత్రం భుజం పడిపోతుంది.

స్విట్జర్లాండ్‌లో పాయార్ కంపెనీ తయారుచేసిన హెర్మీస్ 3000 గురించి ఎక్కువమంది కలలు కంటారు. 1958లో వచ్చిన ఆ గుండ్రటి, లేత ఆకుపచ్చ మోడల్ ఫొటోలే అందరూ చూసేవి. సరైన స్థితిలో ఉంటే దాని కీల మెత్తదనం నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఈ కంపెనీ వాడిన గ్రీజు దశాబ్దాల తర్వాత గోధుమ రంగు జిగురులా గట్టిపడుతుంది. క్యారేజ్ పట్టేస్తుంది, కీలు నెమ్మదిస్తాయి. కాగితం చుట్టుకునే రబ్బరు రోలర్ కూడా చాలావాటిలో రాయిలా అయిపోయి ఉంటుంది. శుభ్రం చేయని హెర్మీస్ 3000ని పెద్ద ధరకి కొన్నవాళ్లు నిరాశపడటం చూస్తూనే ఉంటాం. దాన్ని విప్పి శుభ్రం చేసే ఓపిక మీకుండాలి, లేదా ఆ పని అయిపోయిందని నమ్మకంగా చెప్పగల మనిషి దగ్గర కొనాలి. ఈ రెండూ కుదరకపోతే వదిలేయండి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు నా సలహా తేలిక. స్మిత్-కరోనా వెతకండి. 1950ల సైలెంట్-సూపర్, స్టెర్లింగ్ లాంటి మోడళ్లు అక్కడ పుష్కలంగా తయారయ్యాయి, పాత ఇళ్ల సామాన్ల అమ్మకాల్లో ఇప్పటికీ బయటపడుతుంటాయి. షిఫ్ట్ తేలిక, కీలు చురుగ్గా లేస్తాయి, లోపలి భాగాలు చేతికి అందుతాయి. సొంతంగా సరిచేసుకోవడం నేర్చుకోవాలంటే మొదటి మెషీన్‌గా దీనికంటే మంచిది నాకు తెలియదు. అక్కడే దొరికే రాయల్ క్వయట్ డీలక్స్ కూడా నమ్మకమైనదే, కాస్త బరువెక్కువ. యూరప్‌లో ఉంటే ఒలింపియా, ఒలివెట్టీ, హెర్మీస్ సులువుగా దొరుకుతాయి. కాకపోతే అక్కడ కొనేటప్పుడు కీబోర్డు ఫొటో తప్పనిసరిగా అడగండి. జర్మన్, స్విస్ మెషీన్లలో వై, జెడ్ చోట్లు మారి ఉంటాయి. ఫ్రెంచి మెషీన్లలో ఎ, క్యూ చోట్లు మారతాయి. ఇటలీ కీబోర్డులో డబ్ల్యూ ఉండే చోట జెడ్ ఉంటుంది. పదేళ్ల టైపింగ్ అలవాటు ఉన్నవాళ్లకు ఇది రోజూ చికాకే.

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ లాంటి చోట్ల ఏ పోర్టబుల్ దొరుకుతుందన్నది అదృష్టం మీద ఉంటుంది. ఎవరో విదేశాల నుంచి తెచ్చుకున్నది, ఎవరి తాతగారో వాడి అటక మీద పెట్టినది బయటికొస్తుంది. అప్పుడు బ్రాండ్ కోసం పట్టుబట్టకండి. జపాన్‌లోని నగోయాకు చెందిన బ్రదర్ కంపెనీ పోర్టబుల్ ఎదురైనా, అది శుభ్రంగా నడుస్తుంటే, తుప్పుపట్టిన ఒలింపియా కంటే వెయ్యిరెట్లు మేలు.

అమ్మేవాళ్ల దగ్గర ఏం చూడాలి

చేతిలో ఓ తెల్లకాగితం, వీలైతే చిన్న టార్చి తీసుకెళ్లండి. పైమూత ఎత్తి అక్షరాల కడ్డీలు దిగే అర్ధచంద్రాకారపు గాడుల మీద వెలుతురు వేయండి. అక్కడ దుమ్ము, జిడ్డు ఉంటే భయం లేదు. ఎర్రటి తుప్పు ఉంటే ఆలోచించాలి. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పెట్టె మూసి ఏళ్ల తరబడి ఉంచిన మెషీన్లకు ఈ ప్రమాదం ఎక్కువ. పెట్టె లోపలి ఫెల్టు, స్పాంజి తడిని పట్టి ఉంచుతాయి.

తర్వాత క్యారేజ్‌ని కుడి చివరికి తోసి, స్పేస్‌బార్ నొక్కుతూ ఎడమ చివరి దాకా నడిపించండి. మధ్యలో ఆగకూడదు, ఒక నొక్కుకి రెండు గళ్లు దూకకూడదు, చివర్లో బెల్ మోగాలి. క్యారేజ్‌ని రెండు వైపులా పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపండి. వదులుగా కొట్టుకుంటుంటే ఎక్కడో కింద పడిన మెషీన్ అయి ఉండవచ్చు. అన్ని కీలూ ఒకసారి నొక్కండి. రోలర్ మీద గోరు గుచ్చండి. కొద్దిగానైనా నొక్కు పడితే రబ్బరులో ప్రాణం ఉన్నట్టు.

"పనిచేయదు" అని తక్కువ ధరకి ఇచ్చేవాటిలో మంచివి చాలా ఉంటాయి. కీలు కదలకపోవడానికి కారణం ఒక్కోసారి క్యారేజ్ లాక్ వేసి ఉండటం, లేదా క్యారేజ్ మార్జిన్ దాటి ఉండటం. లాక్ తీస్తే, లేదా మార్జిన్ రిలీజ్ కీ నొక్కితే చాలు, మెషీన్ లేచి కూర్చుంటుంది. అక్షరాలు అచ్చుపడటం లేదంటే రిబ్బన్ రంగు మార్చే మీట స్టెన్సిల్ గుర్తు దగ్గర ఉందేమో చూడండి. ఆ స్థితిలో రిబ్బన్ పైకి లేవదు. క్యారేజ్ అసలు కదలకపోతే దాన్ని లాగే దారం ఊడి ఉండవచ్చు. ఇవన్నీ ఇంట్లో సరయ్యేవే. పగిలిన ఫ్రేము, వంగిన క్యారేజ్ పట్టాలు, పళ్లు అరిగిన చక్రం, పోయిన అక్షరం ఇలాంటివి కనిపిస్తే మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు.

సరిచేయడం

ఇక అసలు పని. వరుస ముఖ్యం: శుభ్రం, తర్వాత క్యారేజ్ లాగుడు, తర్వాత అక్షరాల ఎత్తు. జిడ్డు మీద స్క్రూలు తిప్పితే, జిడ్డు వదిలాక ఆ లెక్కంతా తప్పిపోతుంది.

మెషీన్‌ని గాలి ఆడే చోట, మంటకు దూరంగా పెట్టుకోండి. మెత్తటి బ్రష్‌తో దుమ్మంతా తీసేయండి. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ కొద్దిగా బ్రష్‌కి అద్ది గాడుల్లో రుద్దండి, ప్రతి కడ్డీనీ పదేపదే ఆడించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా పనిచేస్తుంది, కాకపోతే బయటి రంగు మీద, ప్లాస్టిక్ మీద, బ్రాండ్ పేరు మీద పడనివ్వకండి. గాడుల్లో నూనె మాత్రం వేయవద్దు. సర్వరోగ నివారిణిలా అమ్మే స్ప్రే నూనెలు కూడా వద్దు. కొట్టిన రోజు కీలు గాల్లో ఎగిరినట్టు ఉంటాయి, తర్వాత ఆ పొర దుమ్ముని పట్టి జిగురుగా మారి, మొదటికంటే మొండిగా తయారవుతుంది. నూనె వేయాల్సింది క్యారేజ్ నడిచే పట్టాలకి, అదీ కుట్టుమిషను నూనె సూదిమొన మీద నిలిచేంత. అక్షరాల ముఖాలు పాత టూత్‌బ్రష్‌తో తోమండి. చిన్న ఇ, ఒ, ఎ కడుపుల్లో ఇరుక్కున్న సిరా గుండుసూదితో జాగ్రత్తగా తీయండి. ఇంతవరకు చేస్తేనే, చెడిపోయిందనుకున్న మెషీన్లలో చాలావాటికి ఇంకేమీ అక్కర్లేదు.

క్యారేజ్‌ని ఎడమవైపు లాగేది ఒక చుట్టిన స్ప్రింగు. దాని నుంచి వచ్చే పట్టీ గానీ దారం గానీ క్యారేజ్‌కి తగిలించి ఉంటుంది. లైను మొదట్లో స్ప్రింగు బాగా బిగిసి ఉంటుంది, లైను చివరికి వచ్చేసరికి సడలుతుంది. కాబట్టి లైను చివర్లో మాత్రమే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, పట్టాలు శుభ్రంగా ఉన్నా అదే జరుగుతుంటే, స్ప్రింగు ఇంకొంచెం బిగించాలి. కొన్ని మెషీన్లలో స్క్రూతో, కొన్నింటిలో పళ్లచక్రంతో బిగిస్తారు. ఒక్కో పన్ను చొప్పున బిగించి, ప్రతిసారీ లైను చివర్లో పరీక్షించండి. స్పేస్‌బార్‌తో చివరి గడి దాకా తడబడకుండా వెళ్లిందంటే ఆపేయండి. ఎక్కువ బిగిస్తే క్యారేజ్ తిరిగి తోయడం బరువవుతుంది, కీలు గట్టిగా అనిపిస్తాయి, అక్షరాలు దూకుతాయి. "ఒలింపియా కీలు బరువు" అని విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది స్ప్రింగు గురించే.

దారం తెగిపోతే గట్టి చేపల గాలపు దారం బాగా పనిచేస్తుంది. ఆ పని చేసేటప్పుడు స్ప్రింగు డ్రమ్మును వేలితో గట్టిగా పట్టుకోండి. జారితే ఒక్కసారిగా విప్పుకుపోయి చెయ్యి కోస్తుంది, స్ప్రింగు కూడా పాడవుతుంది. ధైర్యం చాలకపోతే మెకానిక్‌కి ఇవ్వండి. ఇన్‌స్టిట్యూట్‌ల మెషీన్లు, కోర్టుల ముందు డాక్యుమెంట్లు కొట్టేవాళ్ల మెషీన్లు చూసిన పాత మెకానిక్‌కి పోర్టబుల్ కొత్తైనా సూత్రం కొత్త కాదు. మీ ఊళ్లో అలాంటి మనిషి ఇంకా ఉంటే, ఆయన పని చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి.

ఇప్పుడు అక్షరాల ఎత్తు. కాగితం పెట్టి పెద్ద హెచ్, చిన్న హెచ్ మార్చి మార్చి ఒక లైను కొట్టండి. రెండు విషయాలు చూడాలి. చిన్న అక్షరం పైభాగం, కింది భాగం ఒకే నలుపులో పడుతున్నాయా? పెద్ద అక్షరాల పాదాలు, చిన్న అక్షరాల పాదాలు ఒకే గీత మీద ఉన్నాయా? చిన్న అక్షరాలకు కిందో పైనో సిరా తగ్గుతుంటే, షిఫ్ట్ నొక్కనప్పుడు బుట్ట లేదా క్యారేజ్ వచ్చి ఆగే చోటు సరిచేయాలి. పెద్ద అక్షరాలు గీతకు పైకో కిందికో పోతుంటే, షిఫ్ట్ నొక్కినప్పుడు ఆగే చోటు సరిచేయాలి. ఈ రెండు చోట్లా సాధారణంగా ఒక స్క్రూ, దాన్ని కదలకుండా పట్టే నట్టు ఉంటాయి. ఎక్కడుందో మోడల్‌ని బట్టి మారుతుంది. మెషీన్‌ని వెల్లకిలా తిప్పి షిఫ్ట్ నొక్కుతూ వదులుతూ చూస్తే, ఏది దేనికి తగిలి ఆగుతోందో కళ్లకే కనిపిస్తుంది. తిప్పేముందు స్క్రూ ఉన్న స్థితిని మార్కర్‌తో గీత పెట్టి గుర్తుంచుకోండి. ముందు చిన్న అక్షరాలు సరిచేయండి, అది కుదిరాకే పెద్దవాటి జోలికి వెళ్లండి. పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పవద్దు.

అయితే స్క్రూ ముట్టుకునేముందు ఇంకోటి చూడాలి, ముఖ్యంగా ఒలింపియా ఎస్‌ఎం3 లాంటివాటిలో. యంత్రాన్ని, బయటి డొక్కును కలిపే చోట చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి. ఇన్నేళ్లకి అవి అణిగిపోతాయి. యంత్రం కొంచెం కిందికి కూర్చుంటుంది, కదిలే భాగాలు డొక్కుకి రాసుకుంటాయి. బయట నుంచి చూసేవాళ్లకు అది షిఫ్ట్ లోపంలా, క్యారేజ్ లోపంలా కనిపిస్తుంది. పైపుల దుకాణంలో దొరికే రబ్బరు వాషర్లు సరైన మందంలో పెడితే, ఏ స్క్రూ తిప్పకుండానే సమస్య తీరిపోవచ్చు.

ఒకే ఒక్క అక్షరం గీత తప్పుతుంటే ఆ కడ్డీ వంగి ఉంటుంది, లేదా అక్షరపు అచ్చు కదిలి ఉంటుంది. దాన్ని కటింగ్ ప్లయర్‌తో సరిచేయాలని మనసు లాగుతుంది. వద్దు. ఆ పనికి వేరే పనిముట్లు, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. ఒక అక్షరం కాస్త ఎగుడుదిగుడుగా ఉన్న పేజీ కూడా అందంగానే ఉంటుంది.

కీల బరువు మీట గురించి చివర చెబుతున్నాను, ఎందుకంటే అందరూ దానితో మొదలుపెడతారు. స్మిత్-కరోనా, రాయల్ క్వయట్ డీలక్స్, హెర్మీస్ 3000లో కీలు ఎంత గట్టిగా ఉండాలో మార్చుకునే మీట ఉంటుంది. శుభ్రం చేయని మెషీన్‌లో దాన్ని ఎటు తిప్పినా పెద్ద తేడా తెలియదు. పై పనులన్నీ అయ్యాక మధ్యలో పెట్టి ఓ పేజీ కొట్టండి. కడ్డీలు ఒకదానితో ఒకటి ఇరుక్కుంటుంటే కొంచెం గట్టి వైపు, వేళ్లు అలసిపోతుంటే తేలిక వైపు మార్చండి. అప్పుడు మీకు తెలిసేది ఆ మెషీన్ అసలు టచ్.

రోలర్ గట్టిపడి ఉంటే చప్పుడు ఎక్కువగా వస్తుంది, ఒ అక్షరం కాగితానికి చిల్లు పెడుతుంది. టైప్ చేసే కాగితం వెనక ఇంకో కాగితం పెట్టండి. చప్పుడు తగ్గుతుంది, అచ్చు నిండుగా పడుతుంది. గట్టిపడిన రబ్బరుని ఉప్పుకాగితంతో రుద్దితే కాగితం మీద పట్టు పెరుగుతుంది కానీ మెత్తదనం రాదు. మార్చాలంటే కొత్త రబ్బరు తొడిగించడమే దారి, దానికి ఖర్చవుతుంది.

రిబ్బన్ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. పెద్ద మెషీన్లకు వాడే అర అంగుళం రిబ్బనే ఇక్కడ చెప్పిన పోర్టబుల్స్‌కీ సరిపోతుంది. స్పూళ్ల రూపం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి పాత స్పూళ్లు పారేయవద్దు. కొత్త రిబ్బన్‌ని వాటి మీదికే చుట్టుకోండి. రిబ్బన్ చివర చిన్న లోహపు కన్ను ఉంటే అది స్పూల్ బయటే ఉండాలి. చాలా మెషీన్లలో రిబ్బన్ దిశ మారేది అది తగిలినప్పుడే.

మరి ఏది తీసుకోవాలి

రోజూ ఇంట్లో ఒకే బల్ల మీద, పేజీలకొద్దీ రాసేవాళ్లు ఒలింపియా ఎస్‌ఎం9 తీసుకోండి. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు. ప్రయాణాల్లో వెంట ఉండాలంటే, చెయ్యి మెత్తనిదైతే లెటెరా 32. లెటెరా 22 కూడా అంతే మంచిది, అందంలో ఓ మెట్టు పైనే ఉంటుంది. విప్పి, బిగించి, నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాళ్లకు స్మిత్-కరోనా. పిల్లలకు కొనిస్తున్నట్టయితే బ్రాండ్ సంగతి మర్చిపోయి, షిఫ్ట్ తేలిగ్గా ఉండి, అన్ని కీలూ చురుగ్గా లేచే మెషీన్ ఏదైనా సరే. పిల్లలు కీలు అన్నీ కలిపి నొక్కుతారు, కాబట్టి లెటెరా కంటే బరువైనదే మంచిది. హెర్మీస్ 3000 చేత్తో కొట్టి చూశాకే, ఆ చూసిన మెషీన్‌నే తీసుకోండి.

అక్షరాల సైజు కూడా అడగండి. పైకా అంటే అంగుళానికి 10 అక్షరాలు, ఎలీట్ అంటే 12. ఉత్తరాలకి, చూపు తగ్గినవాళ్లకి పైకా బాగుంటుంది. ఏ4 పేజీలో ఎక్కువ మాటలు పట్టాలంటే ఎలీట్. ఒకసారి కొన్నాక ఇది మారేది కాదు.

దూరం నుంచి తెప్పిస్తున్నట్టయితే, డబ్బు పంపేముందు ప్యాకింగ్ ఎలా చేయాలో అమ్మేవాళ్లకు రాసి పంపండి. క్యారేజ్‌ని మధ్యకి తెచ్చి లాక్ వేయాలి. లాక్ లేకపోతే రెండు మార్జిన్లూ మధ్యకి జరిపి కదలకుండా చేయాలి. అక్షరాల కడ్డీల మీద మెత్తటి కాగితం కూరి, మెషీన్‌ని దాని పెట్టెలో కదలకుండా బిగించి, ఆ పెట్టెని నాలుగు వైపులా కనీసం అరచేతి మందాన మెత్తటి సరుకు ఉన్న ఇంకో అట్టపెట్టెలో పెట్టాలి. సొంత పెట్టె మీదే చిరునామా అంటించి కొరియర్‌కి ఇస్తానంటే, ఎంత మంచి మెషీన్ అయినా ఒప్పుకోకండి.